నడి చలికాలంలో తోటలో నిజంగా చేసే పనేమైనా ఉంటుందా?

కొత్తపార:

అందరికీ నమస్తే. సొంత పెరట్లో నాకిది మొదటి చలికాలం. ఇంతకుముందు బాల్కనీలో ఆరు కుండీలకు మించి ఎప్పుడూ పెంచలేదు. ఇప్పుడున్న ఇంట్లో మాకు ముందున్నవాళ్ళు వేసిన చెట్లున్నాయి. రెండు ఆపిల్ చెట్లు, ఒక ప్లమ్ చెట్టు, గోడవారన ఐదు గులాబీలు, కిటికీ కింద నడుమెత్తు హైడ్రేంజియా పొద. ఆపిల్ చెట్లను ఐదారేళ్ళుగా ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. కొమ్మలు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోయి చిక్కుపడ్డ నూలుండలా ఉన్నాయి.

ఈ ఉదయం బయట మైనస్ 4. నేలలోకి పలుగు దిగడం లేదు. రెండు వారాలుగా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను, ఇక నావల్ల కావడం లేదు. సెలవు రోజు వస్తే కాలు గాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. కొత్త కత్తెర ఒకటి కొనిపెట్టుకున్నా. అది చేతిలో ఉంటే చాలు, ప్రతి కొమ్మా కోయాల్సిందే అనిపిస్తోంది.

నెట్‌లో పెద్ద పెద్ద జాబితాలు చదివాను. ఒకరేమో చెట్లు నిద్రలో ఉన్నాయి కాబట్టి అన్నీ ఇప్పుడే కత్తిరించేయండి అంటారు. ఇంకొకరు వసంతం వచ్చేదాకా తోటలో అడుగే పెట్టొద్దంటారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్ పెరిగిపోయింది.

ఇవి కాక ఇంట్లో వ్యవహారాలు వేరే. శరదృతువులో తవ్వి తీసిన డాలియా దుంపలు అట్టపెట్టెలో ఉన్నాయి. అప్పటినుంచి మూత తీయలేదు, ధైర్యం చాలక. లోపలికి తెచ్చిపెట్టిన నిమ్మ కుండీ రోజుకు పదేసి ఆకులు రాలుస్తోంది. ఓ రేకుడబ్బా నిండా విత్తనాల పొట్లాలున్నాయి, కొన్నింటి మీద నాలుగేళ్ళ కిందటి తేదీ ఉంది.

వీటిలో ఏవి ఇప్పుడు చేయాలో చెప్పండి. చేయకూడనివి ఇంకా గట్టిగా చెప్పండి. నాకు తొందరెక్కువ.


పాతరంపం:

కొత్తపార గారూ, ముందు ఆ కత్తెర తీసుకెళ్ళి సొరుగులో పెట్టండి. హైడ్రేంజియా సంగతి మొదట చెప్తాను, నేను దెబ్బ తిన్నది అక్కడే.

మా ఇంట్లో కూడా సరిగ్గా కిటికీ కిందే ఉండేది. గుండ్రటి నీలం పూలగుత్తులు పూసే రకం. ఓ చలికాలంలో, ఎండిన పూలు వేలాడుతూ చూడ్డానికి బాలేదని మోకాలెత్తుకు నరికేశాను. పెరడు శుభ్రపడిందని ఎంత సంతోషపడ్డానో. వసంతంలో ఆకులు దట్టంగా వచ్చాయి. పూలు మాత్రం ఒక్కటీ లేవు. బలం చాలలేదేమోనని ఎరువు వేశాను. ఇంకా ఆకులొచ్చాయి. మరుసటి చలికాలం మళ్ళీ నరికాను, మళ్ళీ అదే కథ. మూడో ఏడు మెట్ల మీద జారిపడి కుడి చేతికి కట్టు వేశారు, కత్తెర పట్టే వీల్లేకపోయింది. ఆ ఏడాది పొద నిండా పూలే.

ఈ రకాన్ని మాక్రోఫిల్లా అంటారు, ఆకు వెడల్పుగా ఉంటుంది. ఇది రాబోయే ఏడు పూయాల్సిన మొగ్గల్ని అంతకుముందు వేసవి చివర్లోనే పాత కొమ్మల కొసల్లో సిద్ధం చేసుకుంటుంది. చలికాలంలో మీరు కోసేది ఎండుపుల్ల కాదు, వచ్చే వేసవి పూలు. అదే పానిక్యులాటా, ఆర్బోరెసెన్స్ అనే రకాలైతే వసంతంలో వచ్చే కొత్త చిగుళ్ళ మీద పూస్తాయి. వాటిని చలికాలం చివర్లో ధైర్యంగా కోయొచ్చు. మీదేదో ఎలా తెలుస్తుందంటే, ఎండిన పూలగుత్తి శంకువులా కోసుగా ఉంటే పానిక్యులాటా. గుండ్రంగానో బల్లపరుపుగానో ఉంటే ఈ ఒక్క ఏడు ముట్టుకోకుండా వదిలేయండి, పూసేటప్పుడు చూసి తేల్చుకోవచ్చు. ఎండుపూలను కూడా తీయకండి, కిందున్న మొగ్గలకు అవి కాస్త గొడుగు పడతాయి.

లైలాక్, ఫోర్సిథియా, అజేలియాలకూ ఇదే లెక్క. వసంతం మొదట్లోనే పూసే పొద ఏదైనా సరే, పూలు రాలాకే కత్తెర. నేనైతే ఒక మొక్క ఎప్పుడు, ఏ కొమ్మ మీద పూస్తుందో తెలియనంతవరకూ దానికి చలికాలంలో కత్తెర తగలనివ్వను.

ఇక ప్లమ్. దాని జోలికి ఇప్పుడు అసలు వెళ్ళొద్దు. ఆపిల్‌ను కోసే ఊపులో పక్కనే ఉంది కదా అని దాన్నీ కోసేస్తారు చాలామంది. ప్లమ్, చెర్రీ లాంటి టెంక కాయల చెట్లకు వెండి ఆకు తెగులని ఒకటి వస్తుంది. తడి చలికాలంలో ఆ బూజు బీజాలు గాలిలో తిరుగుతూ పచ్చి గాయంలోంచి లోపలికి దిగుతాయి. తర్వాత ఆకులు వెండిపూత పూసినట్టు మెరుస్తాయి, కొమ్మ తర్వాత కొమ్మ చస్తుంది. దానికి మందు లేదు, తెగులు పట్టినంత మేరా కోసేయడమే. అందుకే వాటిని వేసవిలో, రెండు మూడు రోజులు వాన పడదనుకున్నప్పుడు కోస్తారు. గాయం అప్పుడు త్వరగా మానుతుంది.

ఆపిల్ చెట్లకు మాత్రం ఇదే సమయం. మొగ్గలు ఉబ్బేలోపు ఎప్పుడైనా చేయొచ్చు, కాబట్టి మైనస్ 4లో నిలబడక్కర్లేదు. సున్నాకి పైన, పొడిగా ఉన్న మధ్యాహ్నం కోసం ఆగండి. ఆ రోజు కూడా మొదటి ఇరవై నిమిషాలు చేతిలో ఏమీ పట్టుకోకుండా చెట్టు చుట్టూ తిరిగి చూడండి. ఆకులుండవు గనక అస్థిపంజరమంతా కనిపిస్తుంది. వేసవిలో ఈ అవకాశం దొరకదు.

మొదట చచ్చిన కొమ్మలు. ఏది చచ్చిందో తెలియకపోతే గోటితో బెరడు మీద చిన్న గీత గీయండి. లోపల పచ్చగా తడిగా ఉంటే బతికున్నట్టు, గోధుమరంగులో పొడిగా ఉంటే పోయినట్టు. తర్వాత ఒకదానికొకటి రాసుకుంటున్న జంటల్లో బలహీనమైనది. ఆ తర్వాత చెట్టు నడిమధ్యలోకి దూరుతున్నవి. అక్కడితో ఆగి దిగండి. ఎంత చిక్కుపడి ఉన్నా ఒక ఏడాదిలో చెట్టు నాలుగో వంతుకు మించి తీయొద్దు. మిగతాది వచ్చే రెండు చలికాలాల్లో తీసుకోవచ్చు. ఎందుకంటే చెట్టు తన తిండిని వేళ్ళలో, మానులో దాచుకొని నిద్రపోతోంది. మీరు సగం కొమ్మలు తీసేస్తే అదే నిల్వ మిగిలిన కొద్ది మొగ్గల్లోకే ఎగదన్నుతుంది. వేసవికి కర్రల్లా నిలువుగా లేచే నీటి కొమ్మలు నలభై యాభై వస్తాయి. వాటికి కాయ ఉండదు, కోసినకొద్దీ వస్తాయి.

ఎక్కడ కోయాలన్నది ఇంకా ముఖ్యం. కొమ్మ మానుకు అతుక్కున్నచోట మొదట్లో కొంచెం ఉబ్బెత్తుగా, ముడతలు పడి ఒక పట్టీలా ఉంటుంది. ఆ పట్టీని మానుకు వదిలేసి దానికి ఆనుకొని బయటివైపు కోయాలి. మానుతో సమంగా చెక్కేస్తే పట్టీ పోతుంది, గాయం మూసుకోదు. మొండెం వదిలితే అది కుళ్ళుతుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షిగో అనే ఆయన వేలకొద్దీ చెట్లను నిలువునా చీల్చి చూసి ఈ విషయం తేల్చాడు. చెట్టు తన గాయాన్ని మాన్పుకోదు, దాని చుట్టూ లోపల్లోపల గోడలు కట్టి కుళ్ళును అక్కడే బంధిస్తుందని చెప్పింది ఆయనే. అందుకే కోసినచోట రంగులూ తారూ పూయనక్కర్లేదు. పూస్తే తేమ లోపల చిక్కుకుంటుంది.

బొటనవేలికంటే లావు కొమ్మకు కత్తెర వద్దు, రంపం వాడండి. మణికట్టంత లావుంటే మూడు కోతలు. మానుకు జానెడు దూరంలో కింది నుంచి మూడో వంతు కోయండి. దానికి కాస్త అవతల పైనుంచి పూర్తిగా కోస్తే బరువంతా పోతుంది. మిగిలిన మొండాన్ని పట్టీ దగ్గర తీరిగ్గా కోయండి. మొదటి కోత లేకుండా పైనుంచి కోస్తే కొమ్మ విరిగి పడుతూ బెరడును కిందిదాకా చీల్చుకుపోతుంది.

గులాబీలు? వాటి మొగ్గలు ఉబ్బడం మొదలయ్యాక చూద్దాం. ఇప్పుడు కోస్తే మధ్యలో నాలుగు రోజులు వెచ్చబడినా చిగురేస్తాయి, ఆ వెంటనే వచ్చే మంచుకు ఆ చిగురు మాడిపోతుంది. గాలికి ఊగి వేళ్ళు కదిలేంత పొడవు కొమ్మలుంటే కొసలు మాత్రం తుంచండి.


ఎండపొద్దు:

పాతరంపం గారు చెప్పినదంతా నేల గడ్డకట్టే చోట్ల లెక్క. ఇది చదివేవాళ్ళలో నాలాంటివాళ్ళు కూడా ఉంటారు కాబట్టి ఒక మాట. నేనుండేది భూమధ్యరేఖకు దిగువన. మాకు నడి చలికాలం అంటే జూన్ చివర, జులై. కాబట్టి జాబితాల్లో నెలల పేర్లు చూడకండి, పగటి పొద్దు చూడండి. పగలు 10 గంటలకు తగ్గిన రోజుల్లో ఆకుకూరలు కూడా దాదాపు పెరగవు. చావవు, అలాగే నిలబడి ఉంటాయి. ఎదగడం లేదని నేను మొదట్లో నీళ్ళూ ఎరువూ పోసి వేళ్ళు కుళ్ళబెట్టాను.

మా దగ్గర నేల గడ్డకట్టదు కాబట్టి మట్టి లేని వేళ్ళతో వచ్చే గులాబీలు, పళ్ళ మొక్కలు నాటేది చలికాలంలోనే. నాటేముందు వేళ్ళను రెండు మూడు గంటలు బకెట్ నీళ్ళలో ఉంచితే చాలు, రాత్రంతా నానబెట్టి మర్చిపోవద్దు. ఆపిల్ పెంచాలనుకునేవాళ్ళు ఒకటి చూసుకోవాలి. చాలా రకాలకు 0 నుంచి 7 డిగ్రీల మధ్య 800 నుంచి 1000 గంటల చలి పడితేగానీ మొగ్గ సరిగ్గా విచ్చదు. చలి తక్కువగా ఉండే చోట్లకు ‘అన్నా’, ‘డోర్సెట్ గోల్డెన్’ అనే పేర్లతో రకాలున్నాయి, వాటికి 200, 300 గంటలు సరిపోతాయి. చెట్టు ఏపుగా ఉంది, పూత లేదు అని బాధపడేవాళ్ళు ముందు ఈ లెక్క చూడండి.

తడిసిన మడిలో మాత్రం ఎక్కడివాళ్ళైనా అడుగుపెట్టొద్దు. ఒక్కసారి తొక్కితే మట్టి అణిగిపోతుంది, ఆ గుల్లదనం మళ్ళీ రావడానికి చాలాకాలం పడుతుంది. నేను ఓ పాత తలుపు చెక్క పరిచి దాని మీద నడుస్తాను.


కొత్తపార:

పాతరంపం గారూ, మీ చేయి విరిగిన కథ చదివి కత్తెర నిజంగానే సొరుగులో పెట్టాను. బయటికెళ్ళి చూస్తే మా హైడ్రేంజియా ఎండుపూలు గుండ్రంగానే ఉన్నాయి! నిన్న రాత్రే దాన్ని కోద్దామనుకున్నాను. గోటి పరీక్ష ఆపిల్ మీద చేశాను. నేను చచ్చిందనుకున్న పెద్ద కొమ్మ లోపల పచ్చగా ఉంది, బతికుందనుకున్న రెండు కొమ్మలు పోయాయి.

డాలియా పెట్టె కూడా తెరిచాను. మొత్తం 14 దుంపలు. ఆరు బాగున్నాయి, ఐదు ముడతలు పడ్డాయి, మూడు మెత్తబడి వాసన వస్తున్నాయి. వాటిని పారేయడమేనా? నిమ్మ గురించీ విత్తనాల గురించీ ఇంకా ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, చెట్ల మొదళ్ళ చుట్టూ ఎవరో ఎండాకులు కుప్పగా పోసి ఉంచారు. మంచిదే కదా?


రేకుడబ్బా:

విత్తనాల ప్రశ్న నాకొదిలేయండి. నా పేరు చూశారుగా.

పొట్లం మీద తేదీ చూసి పారేయొద్దు, తేదీ చూసి నమ్మనూ వద్దు. ఒక్కో రకం నుంచి సరిగ్గా 10 గింజలు లెక్కపెట్టి తీయండి. కాగితపు తువ్వాలు తడిపి గట్టిగా పిండండి, నీళ్ళు కారకూడదు. గింజలు వరసగా పేర్చి మడతపెట్టి ప్లాస్టిక్ సంచిలో వేయండి. సంచి మీద రకం, తేదీ రాయండి. నేను రాయకుండా ఏడు సంచులు పెట్టుకొని ఏది క్యాబేజీయో ఏది ముల్లంగియో తెలియక తల పట్టుకున్నా. 20 నుంచి 25 డిగ్రీల వెచ్చదనం ఉన్నచోట పెట్టి రోజూ తెరిచి చూడండి, బూజు పట్టినవి తీసేయండి. పది, పన్నెండు రోజుల్లో ఎనిమిది మొలిస్తే మామూలుగా విత్తుకోండి. ఐదు మొలిస్తే రెట్టింపు చల్లండి. రెండు మూడుకు దిగితే ఆ పొట్లం మీద ఆశ పెట్టుకోవద్దు, మొలిచినా నారు బలహీనంగా ఉంటుంది.

ఉల్లి, లీక్ (ఉల్లి జాతిదే), పార్స్‌నిప్ (తెల్ల క్యారెట్ లాంటి దుంప) గింజలకు ఆయుష్షు తక్కువ, ఒకటి రెండేళ్ళు. టమాటా, దోస నాలుగైదేళ్ళు హాయిగా ఆగుతాయి. అది కూడా ఎక్కడ దాచామన్నదాన్ని బట్టి. హారింగ్టన్ అనే విత్తన శాస్త్రవేత్త చెప్పిన ఓ మోటు లెక్క ఉంది. గింజలో తేమ 1 శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు, దాచినచోటి వేడి 5 డిగ్రీలు తగ్గితే ఇంకో రెట్టింపు. కాబట్టి రేకుడబ్బాను వేడి గాలి తగిలే అలమారా పైనుంచి దించి, మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. తీసినప్పుడు డబ్బా గది వేడికి వచ్చాకే మూత తెరవండి, లేకపోతే గింజల మీద చెమ్మ పడుతుంది.

కొన్ని గింజలకు చలే అలారం. లావెండర్, ఎకినేసియా లాంటివి తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో నెల రోజులుంచితే బాగా మొలుస్తాయి. ఇప్పుడు పెడితే వసంతానికి సరిపోతుంది.

ఇది పనికొచ్చే మాట కాదు గానీ చెప్పకుండా ఉండలేను. 1879లో విలియం బీల్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు 20 సీసాల్లో విత్తనాలు నింపి అమెరికాలోని మిచిగాన్‌లో, తను పనిచేసే కాలేజీ ఆవరణలో పాతిపెట్టాడు. ఇప్పటికీ ఇరవయ్యేళ్ళకోసారి రాత్రిపూట తవ్వి ఒక సీసా తీస్తున్నారు. 2021లో తీసిన సీసాలో గింజలు కొన్ని మొలిచాయి, అదీ ఒక కలుపు మొక్క. మన పార్స్‌నిప్ రెండేళ్ళు ఆగదు, కలుపు మాత్రం 140 ఏళ్ళు కాచుకొని కూర్చుంటుంది!


బూడిదకుప్ప:

పొయ్యిలో కట్టెలు కాల్చేవాళ్ళు ఆ బూడిదంతా చలికాలంలో మడుల మీద చల్లుకోండి. పొటాష్, సున్నం ఉచితంగా దొరుకుతాయి. కోసిన గాయాలకు కూడా బూడిద పూయొచ్చు, నేను ఏళ్ళుగా పూస్తున్నాను, చెట్లన్నీ బాగానే ఉన్నాయి.


పాతరంపం:

బూడిదకుప్ప గారూ, గాయాలకు మీరు పూసినా పూయకపోయినా ఆ చెట్లు బాగానే ఉండేవని నా అనుమానం. మడుల మీద చల్లడం గురించి మాత్రం కాస్త గట్టిగానే అంటాను. బూడిద మట్టిని క్షారం వైపు లాగుతుంది. పులుపు మట్టి ఉన్నవాళ్ళకు మేలే. మట్టి అప్పటికే క్షారంగా ఉంటే ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి, ఇనుము అందక. బ్లూబెర్రీ, అజేలియాల దగ్గరికి బూడిద రానివ్వొద్దు. యూరియా, అమ్మోనియం ఎరువులతో కలిపితే నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. మట్టి పరీక్ష చేయించడానికి ఇది మంచి అదను. పరీక్ష చేసేవాళ్ళకు కూడా ఇప్పుడు రద్దీ తక్కువ. నేల కాస్త కరిగిన రోజున నాలుగైదు చోట్ల నుంచి మట్టి తీసి కలిపి పంపండి. ఫలితం వచ్చాక బూడిద మాట మాట్లాడుకుందాం.

కొత్తపార గారూ, మొదళ్ళ దగ్గర ఎండాకులు. మంచివే, కానీ మానుకు తగలకూడదు. బెత్తెడు, బెత్తెడున్నర ఖాళీ ఉంచి చుట్టూ రింగులా సర్దండి. మానుకు ఆనించి కుప్ప పోస్తే ఎలుకలకు వెచ్చటి ఇల్లు కట్టించినట్టే. తిండి దొరకని రోజుల్లో అవి బెరడు కొరుకుతాయి. చుట్టూ ఒక రింగు పూర్తిగా కొరికాయంటే ఆ చెట్టుకు నూకలు చెల్లినట్టే, ఎందుకంటే ఆకులు చేసిన తిండి వేళ్ళకు దిగేది ఆ బెరడు గుండానే. లేత చెట్లుంటే సన్నకన్నం ఇనుప జాలీని గొట్టంలా చుట్టి, అడుగు మట్టిలోకి కాస్త దిగేలా, పైన మంచు పేరుకునే ఎత్తును దాటేలా కట్టాలి.

మడుల మీద కప్పిన ఆకుల ఉద్దేశం వేరు. చాలామంది మొక్కను వెచ్చగా ఉంచడానికి కప్పుతున్నాం అనుకుంటారు. నిజానికి నేలను గడ్డకట్టినదాన్ని గడ్డకట్టినట్టే ఉంచడానికి. పగలు కరిగి రాత్రి మళ్ళీ గడ్డకడితే మట్టిలో మంచుపొరలు పెరిగి లోతుగా వేళ్ళు లేని మొక్కల్ని పైకి తన్నేస్తాయి. స్ట్రాబెర్రీలు, శరదృతువులో నాటినవి ఇలాగే బయటపడి వేళ్ళు ఎండి చస్తాయి. వారానికోసారి ఒక చుట్టు తిరిగి పైకి లేచినవి ఉంటే కాలితో తొక్కకుండా చేత్తో మెల్లగా నొక్కి మీద ఆకులు కప్పండి.

దుంపలు. ముడతలు పడ్డ ఐదింటి మీద నీళ్ళు చిలకరించి, కొంచెం తేమగా ఉన్న రంపపు పొట్టులో పెట్టండి, వారంలో తేరుకుంటాయి. మెత్తబడ్డ మూడింటిని లోపల తెల్లగా గట్టిగా కనిపించేదాకా కోసి, కోత ఆరనిచ్చి విడిగా పెట్టండి. తప్పకుండా విడిగా. ఒకటి చూసుకోండి, మెడ దగ్గర పాత కాండం ముక్క లేని దుంప ఎంత లావుగా ఉన్నా మొలవదు, కన్ను ఉండేది అక్కడే. పెట్టెను 4 నుంచి 10 డిగ్రీల మధ్య, మంచు తగలనిచోట పెట్టి నెలకోసారి తెరవండి. తెరవకపోవడం వల్లే అవి మూడయ్యాయి. మొదట ఒకటే కుళ్ళి ఉంటుంది.

నిమ్మ సంగతి తమాషాగా ఉంటుంది. మీ కుండీ గచ్చు నేల మీద, ఎండ తగిలే కిటికీ దగ్గర ఉంది కదూ? నిమ్మజాతి వేళ్ళు 13 డిగ్రీల కింద దాదాపు పనిచేయవు. పైన ఆకులకు ఎండ తగిలి నీళ్ళు ఆవిరవుతుంటే కింద చల్లటి వేళ్ళు అందించలేవు. దాంతో చెట్టు ఆకులు వదిలించుకుంటుంది. అది చూసి మనం దాహం వేసిందని ఇంకాసిన్ని నీళ్ళు పోస్తాం, ఆ చన్నీళ్ళకు వేళ్ళు ఇంకా చల్లబడి కుళ్ళుతాయి. కుండీ కింద చెక్కపీటో థర్మాకోలో పెట్టండి. వేలు రెండు కణుపుల లోతు గుచ్చితే పొడిగా తగిలినప్పుడే, గోరువెచ్చటి నీళ్ళు. హీటర్ గాలి నేరుగా తగలకూడదు. ఆకుల అడుగున సన్నటి గూడు, పొడి చుక్కలు కనిపిస్తే అది ఎర్రనల్లి. స్నానాలగదిలో షవర్ కింద పెట్టి ఆకుల అడుగులు కడగండి. ఎరువు వసంతం దాకా వద్దు.

చేతులు మరీ ఊరుకోకపోతే పనిముట్లున్నాయి. తుప్పు పట్టినవాటిని రాత్రంతా వెనిగర్‌లో ఉంచి, ఉక్కు పీచుతో రుద్ది, కడిగి పూర్తిగా ఆరబెట్టి నూనె రాయండి. కత్తెరకు సాన పట్టేటప్పుడు ఆకురాయిని వాలుగా చెక్కి ఉన్న వైపు మాత్రమే, అంచువైపుకు, ఒకే దిశలో తోయండి. చదునుగా ఉన్న రెండో వైపు గీస్తే రెండు అలుగుల మధ్య సందు ఏర్పడి కొమ్మ తెగకుండా నలుగుతుంది. నా మొదటి కత్తెర అలాగే పోయింది.

చెక్కపిడులకు అవిసె నూనె రాస్తారు కదా, ఆ నూనె గుడ్డను మాత్రం ఉండచుట్టి మూలకు విసరకండి. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. వినడానికి కట్టుకథలా ఉంటుంది గానీ నాకు తెలిసినవాళ్ళ షెడ్డులో పొగ రావడం నేనే చూశాను. గుడ్డను బయట విప్పి పరిచి గట్టిగా ఆరాకే పారేయండి.

ఎక్కువ మంచు కురిస్తే సతతహరిత పొదల మీది మంచును కింది నుంచి పైకి చీపురుతో మెల్లగా లేపండి. పైనుంచి కొడితే కొమ్మలు విరుగుతాయి. గాజులా అతుక్కున్న గడ్డ అయితే అసలు ముట్టుకోవద్దు, కరగనివ్వండి. దారి మీద జారకుండా ఉప్పు చల్లే అలవాటుంటే మడుల పక్కన ఇసుక చల్లుకోండి.


కొత్తపార:

రెండు వారాల తర్వాత వచ్చి చెప్తున్నాను. నిమ్మ నిజంగా గచ్చు మీదే ఉండేది. పీట వేశాక మూడు రోజులు ఇంకా రాలాయి, తర్వాత ఆగాయి. లెక్కపెడితే 31 ఆకులు మిగిలాయి.

మొన్న ప్లస్ 3 వచ్చింది, పొడిగా ఉంది. ఒక్క ఆపిల్ చెట్టు మీదే పనిచేశాను. ఇరవై నిమిషాలు చూడమన్నారు కదా, పదో నిమిషంలోనే చేతులు దురదపెట్టాయి, అయినా ఆగాను. చచ్చినవి నాలుగు, రాసుకునేవి మూడు, లోపలికి దూరినవి రెండు తీశాను. ఇంకోటి కోద్దామా వద్దా అనుకుంటూ చాలాసేపు నిలబడి నిచ్చెన దిగేశాను. రెండో చెట్టు వచ్చే వారం.

విత్తనాల లెక్క: టమాటా 10లో 8, దోస 9, బీన్స్ 6, ఉల్లి సున్నా. ఉల్లి నారు అందరికంటే ముందు పోయాలట కదా, చివరి మంచుకు పది పన్నెండు వారాల ముందు. కాబట్టి కొత్త పొట్లం రేపే తెప్పిస్తాను.

మా ఇంట్లో ఇంకొకరికి కూడా కత్తెర సరదా ఉంది. అందుకని హైడ్రేంజియా కొమ్మలన్నీ కలిపి ఎర్ర తాడుతో బిగించి ముడేసి, కోయొద్దు అని చీటీ తగిలించాను.


పాతరంపం:

తాడు వదులు చేయండి. గాలికి ఊగితే ఒరుసుకొని కొసల్లో మొగ్గలు రాలతాయి. చీటీ ఉంచండి.